కిస్తీలు వసూలు చేయడానికా బీకాం చదివించింది?

ప్రశ్న: మాది గాజువాక. ఉక్కు కర్మాగారంలో పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మా అమ్మాయి మంచి మార్కులతో బీకాం పూర్తి చేసింది. బ్యాంకు పరీక్షలకు కోచింగ్‌లో చేరమంటే వినడం లేదు. మైక్రో ఫైనాన్స్‌లో, అంటే పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే పనిలో, శిక్షణ తీసుకుని పేదరికం తగ్గించే పని చేస్తానంటుంది, వీలైతే ఆఫ్రికా దేశాలకూ వెళతానంటుంది. ఒక ప్రైవేటు సంస్థ ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగానికి పిలిచింది కూడా. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా పొదుపు సంఘంలో ఉంది కాబట్టి ఈ అప్పుల గోల నాకు కొత్త కాదు. 2010లో వాకిళ్ల ముందు కూర్చుని కిస్తీలు వసూలు చేసినవాళ్లను కళ్లారా చూశాను. ఆ పనికా నేను బీకాం చదివించింది? అసలు చేరనివ్వాలా వద్దా, చేరితే ఏ కోర్సు మంచిదో చెప్పండి.
ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఈ రంగంలో చేరనివ్వండి. అయితే ఆ ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగంలో ఇప్పుడే వద్దు. లక్షలు పోసి కోర్సులోనూ ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. 1976లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దగ్గర జోబ్రా అనే పల్లెలో ప్రొఫెసర్ మహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పిచ్చారు. ఆ ఆలోచన పెరిగి పెద్దదై 2006లో ఆయనకూ ఆయన పెట్టిన గ్రామీణ్ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి తెచ్చింది. అదే 2006లో మన కృష్ణా జిల్లాలో అధికారులు సుమారు 50 మైక్రో ఫైనాన్స్ శాఖలకు తాళాలు వేయించారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2010 అక్టోబరులో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అప్పటికి ఒకే ఇంట్లో సంఘం అప్పు, దాని మీద రెండు మూడు కంపెనీల అప్పులు. ఒకరి కిస్తీ కట్టడానికి ఇంకొకరి దగ్గర చేయి చాపడం. ఇచ్చేవాడికి టార్గెట్టే తప్ప, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో చూసే తీరిక లేదు. మీరు చూసిన ఆ కుర్రాళ్లలో చాలామందికి శిక్షణ అంటే రసీదు రాయడం, పుస్తకంలో టిక్కు పెట్టడం. నన్నడిగితే తప్పు వాళ్లది కాదు, ఆ మాత్రం శిక్షణతో వాళ్లను వీధుల్లోకి వదిలినవాళ్లది.

తరువాత నిబంధనలు బిగిశాయి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రో ఫైనాన్స్ రుణం. ఆ ఇంటి మీదున్న అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక వసూలు కోసం ఫోన్ చేయకూడదు. చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ సగం లెక్క కట్టేదెవరు? గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆవిడ నెల ఆదాయం ఏ కాగితం మీద రాసి ఉంటుంది?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు ఒక బ్యాంకులో చేశాను. ఫిషింగ్ హార్బరు దగ్గర చేపలమ్ముకునే ఆడవాళ్ల సంఘాలు నా చేతిలో ఉండేవి. తెల్లవారుజామున వేలం పాటలో సరుకు కొని, ఐసు వేసుకుని, ఆటోల్లో కాలనీలకు బయలుదేరేవారు. ఒక మార్చి నెలలో ఒక సంఘానికి అప్పు మంజూరు చేయించాను, నెలనెలా కిస్తీ. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. అప్పట్లో అది 47 రోజులు. 2015 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియక కాదు, కిస్తీల పట్టిక వేసేటప్పుడు తట్టలేదు, అంతే. అయినా మే నెల కిస్తీ ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చింది. రికవరీ నూటికి నూరు. మేనేజరు మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. జూలైలో సంఘం సమావేశానికి వెళితే ఒకావిడ కాళ్లు బోసిగా కనిపించాయి. పట్టీలేవమ్మా అంటే ఆవిడ నవ్వి ఊరుకుంది. పక్కనున్నావిడ చెప్పింది: "మీ కిస్తీకే పోయాయి బాబూ, ఐదు రూపాయల వడ్డీకి కుదువ పెట్టింది."

అదే అప్పు పడవలు మళ్లీ సముద్రంలోకి దిగే వేళకు ఇచ్చి ఉంటే ఆవిడకు పెట్టుబడి అయ్యేది. నేను మార్చిలో ఇచ్చాను కాబట్టి పట్టీలకు ఎసరు పెట్టింది. బ్యాంకు రికార్డుల్లో మాత్రం ఈనాటికీ అది మంచి అప్పే.

ఎవరికి ఇవ్వాలి, ఎంత, ఏ నెలలో, ఎప్పుడు "ఇప్పుడు వద్దమ్మా" అని చెప్పాలి. మీ అమ్మాయి నేర్చుకోవలసిన విద్య ఇదీ. ఇది సరిగా వస్తే వాకిట్లో కూర్చోవలసిన అవసరం చాలావరకు రాదు.

బీకాం చదివింది కదా, ఒక లెక్క చేయించి చూడండి. 12,000 రూపాయల అప్పు, పన్నెండు కిస్తీలు, రూపాయి వడ్డీ. పన్నెండు చింతపిక్కలు నేల మీద పెట్టమనండి, పిక్క ఒక్కటికి వెయ్యి. నెలకొక పిక్క తీసేస్తూ, మిగిలిన పిక్కలకే, పిక్కకు పది రూపాయల చొప్పున వడ్డీ కట్టమనండి. మొదటి నెల 120, రెండో నెల 110, అలా చివరి నెల 10. మొత్తం 780. పిక్కలు తీసేస్తున్నా వడ్డీ మాత్రం పన్నెండు పిక్కలకూ వేస్తూ పోతే ఏడాదికి 1,440. రెండింటినీ రూపాయి వడ్డీ అనే పిలుస్తారు! రెండో పద్ధతిలో నిజానికి పడుతున్నది ఇంచుమించు రూపాయి ఎనభై పైసలు. కంప్యూటర్‌లో ఈ లెక్క తేల్చడం ఏ డిగ్రీవాళ్లకైనా వస్తుంది. చదువురాని పెద్దావిడకు పిక్కలతో చూపించి, ఆవిడే పక్కావిడకు చెప్పేలా చేయడం మాత్రం అందరికీ రాదు.

ఇక పేదరికం తగ్గించే పని అన్న మాట. అక్కడ అమ్మాయిని కాస్త ఆపాలి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుంది. చీటీ వేసినట్టు ఎంచిన 52 బస్తీల్లో ముందుగా మైక్రో ఫైనాన్స్ శాఖలు తెరిపించి, మిగతావాటితో పోల్చింది. 2015లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. ముందునుంచీ వ్యాపారం ఉన్నవాళ్లు కొందరు బాగుపడ్డారు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పూట గడవనివాళ్లకైతే అప్పు అసలు మందే కాకపోవచ్చు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002 నుంచి అలాంటి కుటుంబాలకు అప్పుకు బదులు ఆవునో మేకలనో ఇచ్చి, కొంతకాలం తిండి ఖర్చు చూసి, పొదుపు అలవాటు చేసి, ఇంటికి వెళ్లి పని నేర్పుతూ వచ్చింది. ఆ పద్ధతిని మన దేశంతో పాటు ఇథియోపియా, ఘనా, పాకిస్తాన్, పెరూ, హోండురాస్‌లలో పరీక్షించారు. మొత్తం మీద ఫలితం నిలిచింది. ఆఫ్రికా అంటున్న అమ్మాయి ముందుగా చదవవలసింది ఈ రెండు అధ్యయనాలూ పక్కపక్కన పెట్టుకుని.

కోర్సుల సంగతి. గ్రామీణ మేనేజ్‌మెంట్‌లో పేరున్నది గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో పుట్టిన ఇర్మా అనే సంస్థ. ఇప్పుడది త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయంలో భాగం. మనకు దగ్గరలో భువనేశ్వర్‌లో ఎక్సిమ్ విశ్వవిద్యాలయం ఉంది, పాత పేరు జేవియర్. రెండింటికీ ప్రవేశ పరీక్ష గట్టిదే, ఫీజు లక్షల్లోనే. ఊళ్లోనే ఉండి చదవాలంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సోషల్ వర్క్ పీజీ ఉంది. నా ఓటు చాలాసార్లు దానికే, ఎందుకంటే చదువుతో పాటు బస్తీల్లో ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ దూరవిద్యలో డిప్లొమాలు ఇస్తుంది. బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ ఇన్‌స్టిట్యూట్ వారి మైక్రో ఫైనాన్స్ సర్టిఫికెట్ ఉద్యోగం చేస్తూ తెచ్చుకునేది. బౌల్డర్ శిక్షణ అని ఒకటుంది, 1995లో అమెరికాలో మొదలై తరువాత ఇటలీలోని ట్యూరిన్‌కు మారింది. అది అనుభవం ఉన్నవాళ్లకు. ఐదారేళ్లు పనిచేశాక ఆలోచించవచ్చు.

పిలిచిన సంస్థకు ఒక్కసారి వెళ్లి రమ్మనండి, ప్రశ్నలడగడానికి. జీతం ఎంతని కాదు, ఇన్సెంటివ్ దేనికి ఇస్తారని. కొత్త అప్పులు ఎన్ని ఇస్తే అంత అంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. తరువాత, వీధిలోకి పంపే ముందు ఎన్ని రోజులు నేర్పుతారు? వరుసగా రెండు కిస్తీలు ఎగ్గొట్టిన ఇంటికి వెళితే ఏం చేయమంటారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా, మర్యాదైన జవాబు చెప్పిన సంస్థ మంచిదే అయి ఉంటుంది.

బ్యాంకు పరీక్షల గురించి మీ పట్టుదలా అర్థమైంది. అవి ఈ దారికి అడ్డం కాదు. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపింది మొదలు మన రాష్ట్రంలో పేద ఆడవాళ్లకు వెళ్లిన అప్పులో పెద్ద భాగం బ్యాంకు కౌంటరు మీదుగానే వెళ్లింది. సంఘం పుస్తకం చదవగలిగిన బ్యాంకు ఆఫీసరు దొరకడం కష్టం. వయసు ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన సాగనివ్వండి.

ఇక అసలు చెప్పదలచుకున్నది. మీ ఉత్తరంలో మీ శ్రీమతి గారి ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. ఇరవై ఏళ్ల సంఘం అనుభవం అంటే మీరు అనుకుంటున్నంత చిన్నది కాదు. మన రాష్ట్రం సంఘాల ఆడవాళ్లు, పెద్ద చదువులు లేనివాళ్లు, బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, నెలల తరబడి పల్లెల్లో ఉండి అక్కడి ఆడవాళ్లకు సంఘం కట్టడం, పుస్తకం రాయడం నేర్పి వచ్చారు. ఆ శిక్షకుల తరగతి గది ఇదే సంఘం సమావేశం. మీ అమ్మాయికి ఒక ఏడాది అక్కడ ఉచితంగా దొరుకుతుంది. వచ్చే సమావేశానికి అమ్మ వెంట వెళ్లమనండి. మూడు నెలలు ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి. ఎవరు అప్పు అడిగారు, మిగతావాళ్లు ఎందుకు తల ఊపారు, ఎవరి విషయంలో ఊపలేదు, అన్నీ గమనించాలి. తరువాత అధ్యక్షురాలిని అడిగి తీర్మానం పుస్తకం, అప్పుల పుస్తకం తన చేత్తో రాయాలి. మీ ప్రాంతపు సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారితో కలిసి ఇంకో నాలుగు సంఘాలు తిరిగితే ఇంకా మంచిది. ఒకటి హార్బరు వైపుది, ఒకటి అనకాపల్లి వైపు బెల్లం వండే ఊరిది అయితే డబ్బు ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో రాదో తేడా తెలుస్తుంది.

వచ్చే ఏప్రిల్ 15 దాటాక ఒకసారి నాకు రాయమనండి. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే దరఖాస్తు ఎక్కడికి పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా పుస్తకంలో కూడికలు కలవడం లేదని ఏడిస్తే కంగారు పడకండి. నాకు మొదటి ఏడాదంతా కలవలేదు.