మా లాబ్రడార్‌కి వీధి కుక్కతో జత కుదిరిపోయింది. కడుపు వస్తుందా?

‘గేటు దగ్గర ఐదు నిమిషాలే కలిశాయి, నీళ్లు కొట్టి విడదీశాం, మెడికల్ షాపులో దొరికే మాత్ర వేస్తే సరిపోతుందా’ అని అడిగారు. సరిపోదు. కడుపు వచ్చే అవకాశం గట్టిగానే ఉంది.

ముందు ఆ విడదీయడం సంగతి. మగకుక్క అంగం మొదట్లో ఉండే భాగం లోపలికెళ్లాక ఉబ్బుతుంది, ఆడదాని కండరాలు దాన్ని బిగించి పట్టేస్తాయి. అందుకే రెండూ వీపులు ఆనించి చెరో దిక్కుకు తిరిగి, కదల్లేక నిలబడిపోతాయి. మామూలుగా 5 నుంచి 30 నిమిషాలు. సరిగ్గా అప్పుడే ఒకరు బకెట్ తెస్తారు, ఇంకొకరు కర్ర తీస్తారు. బెదిరి లాక్కుంటే రెండింటికీ లోపల చీరుకుపోతుంది. పైగా వీర్యకణాలుండే భాగం మొదట్లోనే పడిపోతుంది, ఆ తర్వాత వచ్చేది ప్రోస్టేట్ ద్రవం. కాబట్టి లాగి సాధించేదేమీ లేదు. కాలర్ పట్టుకుని, అది కూర్చోకుండా, దొర్లకుండా చూస్తూ ఆగండి. దయచేసి కొట్టొద్దు, కొట్టనివ్వొద్దు.

‘రక్తం ఆగిపోయింది, ఎద అయిపోయిందనుకున్నాం’ అని చాలామంది అంటారు. తప్పంతా అక్కడే జరుగుతోంది. మొదటి 9 రోజులు అటూఇటూగా ఎర్రగా పోతుంది, అప్పుడు మగదాన్ని దగ్గరికి రానివ్వదు. అది పల్చబడి గడ్డి రంగుకు మారాక, నడుము మీద చెయ్యి వేస్తే తోక పక్కకు తిప్పుతుంది. అసలు గండం అప్పుడు మొదలవుతుంది. వీర్యకణాలు లోపల 5, 6 రోజులు బతికే ఉంటాయి. ఒకసారి కలిసింది కదా అని వదిలేస్తే ఇంకో కుక్కతోనూ కలుస్తుంది, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. ఇంకో రెండు వారాలు గొలుసు లేకుండా గడప దాటనివ్వకండి.

మనుషుల మాత్రలు వద్దు. పాతరకం ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ కూడా వద్దనే నా మాట. దానివల్ల ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోవచ్చు, గర్భసంచిలో చీము పట్టొచ్చు. కడుపు పోగొట్టే అగ్లెప్రిస్టోన్ అనే మందు అయితే కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, 24 గంటల తేడాతో రెండు సూదులు, కలిసిన 45 రోజుల లోపు. అదీ పశువుల డాక్టరే వేయాలి. మళ్లీ స్కానింగ్ చేసి, కడుపు పోయిందో లేదో చూడాలి.

కలిసిన తేదీ రాసి పెట్టుకోండి. 28, 30 రోజులకు స్కానింగ్ చేయిస్తే తేలుతుంది, అంతకు ముందు వెళ్తే డబ్బు దండగ. మనుషుల ప్రెగ్నెన్సీ కిట్‌తో తేలదు, అది వెతికే హార్మోను కుక్కల్లో ఉండదు. పాలు దిగాయని కడుపుతో ఉన్నట్టు కాదు, జతకట్టని కుక్కకూ ఎద అయిన రెండు నెలలకు దిగుతాయి.

పిల్లలు వద్దనుకుంటే ఆపరేషనే మేలు. ఎదలో ఉండగా రక్తం ఎక్కువ పోతుంది కాబట్టి, ఎద తగ్గాక మూడు నాలుగు వారాలకు చేయిస్తే కడుపు ఉన్నా గర్భసంచితో పాటే పోతుంది. ‘ఒక్క ఈతైనా ఈనాలి, లేకపోతే జబ్బు చేస్తుంది’ అనే పెద్దల మాట పట్టుకోకండి, దానికి ఆధారం లేదు. ఆపరేషన్ వాయిదా వేస్తే మాత్రం గర్భసంచిలో చీము పడుతుందేమోనని ఈ రెండు నెలలూ కనిపెట్టి ఉండండి. నీళ్లు తెగ తాగుతున్నా, తిండి మానేసినా, వెనక నుంచి కంపు కొట్టే చీము కారినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చీము బయటికి రాకుండా లోపలే నిలిచిపోయే రకం ఇంకా ప్రమాదం, పొట్ట ఉబ్బడం తప్ప పైకేమీ కనపడకపోవచ్చు.