మూల స్లావిక్ (రష్యన్, చెక్ వంటి భాషలకు తల్లి భాష) క్రియ "వేదేతి" (తెలిసి ఉండు): మన "వేదం" నుంచి వెళ్లిందా? రూపాల్లో దకారం ఏమైపోతుంది?

వెళ్లలేదు. వేదేతి, వేదం తల్లీకూతుళ్లు కాదు, అక్కాచెల్లెళ్లు. ఆ సంగతి రూపాల్లోనే కనిపిస్తుంది కాబట్టి ముందు రూపాలు చూద్దాం.

తెలుగు లిపి ఇక్కడ బాగా పనికొస్తుంది. "యాత్" అనే స్లావిక్ అచ్చుకి దీర్ఘ ఏ, మామూలు దానికి హ్రస్వ ఎ, ముక్కుతో పలికే అచ్చుకి అరసున్న వాడుతున్నాను. కుండలీకరణాల్లోని ఇ, ఉ అతి పొట్టి అచ్చులు.

వర్తమాన రూపాలు ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషల వరసలో (నాకు, నీకు, అతనికి తెలుసు):

ఏకవచనం: వేమ్(ఇ), వేసి, వేస్త్(ఇ)
ద్వివచనం: వేవే, వేస్తా, వేస్తె
బహువచనం: వేమ్(ఉ), వేస్తె, వేదెఁత్(ఇ)

ధాతువు "వేద్". దాని దకారం చెక్కుచెదరకుండా మిగిలింది వేదెఁత్(ఇ) ఒక్కదాంట్లోనే, ఎందుకంటే అక్కడ మాత్రమే వెనక అచ్చు ఉంది. మ, వ, స ముందు దకారం రాలిపోయింది: వేద్+మి వేమ్(ఇ) అయింది, వేద్+సి వేసి అయింది. త ముందు మాత్రం రాలలేదు, సకారంగా మారింది: వేద్+తి వేస్త్(ఇ). ఇది ఈ ఒక్క క్రియకే పరిమితమైన వింత కాదు. "తిను" అనే క్రియలో సంస్కృతం అద్మి, అత్తి అంటే స్లావిక్‌ది ఏమ్(ఇ), ఏస్త్(ఇ). ఇలా అచ్చు చేరకుండా ధాతువుకే ప్రత్యయం అంటుకునే పాత క్రియలు స్లావిక్‌లో ఐదే: ఉండు, ఇచ్చు, తిను, తెలియు, కలిగి ఉండు.

ఇప్పుడు వేదం సంగతి. ద+త కలిస్తే సంస్కృతంలో త్త: వేత్తి, మన "శాస్త్రవేత్త"లోని వేత్త. స్లావిక్‌లో స్త్. ప్రాచీన ఇరానీ గ్రంథం అవెస్తాలో "నీకు తెలుసు" అంటే వోయిస్తా, గ్రీకులో ఓయిస్థ. రెండింటిలోనూ స ఉంది. సంస్కృతం నుంచి అరువు తెచ్చుకుని ఉంటే త్త వెంట రావాలి, రాలేదు. అచ్చు కూడా అంతే. వీటన్నిటి ఉమ్మడి మూలభాషలో "ఒఇ" ఉండేది. సంస్కృతంలో అది ఏ అయింది, స్లావిక్‌లో వేరే దారిలో యాత్ అయింది. స్లావిక్‌కు దగ్గరి బాల్టిక్ భాష పాత ప్రష్యన్‌లో "మాకు తెలుసు" అంటే వైదిమై. అక్కడ ఆ ద్వంద్వాచ్చు ఇంకా కరగలేదు.

అర్థం ఎలా వచ్చిందంటే, ధాతువుకి అసలర్థం "చూడు". "చూసి ఉన్నాను" అన్న రూపమే "తెలుసు" అయింది. మనం "అర్థమైంది" అని భూతకాలంలో చెప్పి ఇప్పటి స్థితిని సూచిస్తాం కదా, అదే పద్ధతి. సంస్కృత "వేద" (తెలుసు) కూడా లిట్ (ఒక భూతకాల) రూపంలో ఉండి వర్తమానార్థం ఇస్తుంది, పైగా ద్విరుక్తి లేకుండా. స్లావిక్ ఆ పాత రూపాలను వదిలేసి మి, సి, తి ప్రత్యయాలు తగిలించింది. మిగిలిన అవశేషం ఒకటే: ప్రాచీన చర్చి స్లావిక్‌లో (రాతలో దొరికే తొలి స్లావిక్ భాష) వేమ్(ఇ) పక్కనే కనిపించే "వేదే", అంటే "నాకు తెలుసు". సిరిలిక్ వకారానికి పాత పేరు కూడా ఇదే. ఈ క్రియలో నాకు అన్నిటికంటే విలువైన రూపం ఇది.

చెక్‌లో మొత్తం వరస బతికే ఉంది: వీమ్, వీష్, వీ, వీమె, వీతె, వ్యెద్యీ. చివరిదాంట్లో దకారం తిరిగి రావడం గమనించండి. రష్యన్‌లో రోజువారీ వాడుకను "జ్నాత్" అనే మరో "తెలియు" క్రియ లాగేసుకుంది. కానీ "బోగ్ వేస్త్" (దేవుడికే తెలుసు) అనే పలుకుబడిలో మన వేస్త్(ఇ) అలాగే నిలిచింది. అక్కడి "వేస్త్"ని "వార్త" అనే నామవాచకంగా చదవకండి. అదీ ఈ ధాతువు నుంచే పుట్టింది (ఇజ్వెస్తియా పత్రిక పేరులో ఉన్నదీ అదే), కానీ ఇక్కడున్నది క్రియ.

ఎక్కువమంది పొరబడే చోట్లు రెండు. ఒకటి, ఎలుగుబంటికి రష్యన్ పేరు "మెద్వేద్". దాన్ని "తేనె తెలిసినది" అని చెప్తుంటారు. అది "తేనె తినేది": మెదు+ఏద్, ఋగ్వేదంలోని "మధ్వద్" లాంటి సమాసం.

రెండోది, "నడిపించు" అనే క్రియ: వెదోఁ, తుమున్నర్థకం వెస్తి. అది హ్రస్వ ఎ ఉన్న వేరే ధాతువు. నేటి రష్యన్ రాతలో రెంటికీ ఒకే అక్షరం కావడంతో కలిసిపోతాయి. 1918 సంస్కరణకు ముందు యాత్‌కి వేరే అక్షరం ఉండేది. అనుమానం వస్తే ఉక్రేనియన్ రూపం చూడండి. యాత్ అక్కడ "ఇ" అవుతుంది: తెలియడం "విదాతి", నడిపిస్తాను "వెదూ". అయితే అచ్చుతో ముగిసే అక్షరం ఉన్న రూపాన్నే ఎంచుకోండి. "నడిపించాడు" అనేది ఉక్రేనియన్‌లో "వివ్"; మూసుకుపోయిన అక్షరంలో హ్రస్వ ఎ కూడా ఇ అయిపోతుంది. స్త్రీలింగం "వెలా" చూస్తే అసలు అచ్చు బయటపడుతుంది.