పాత బుల్లెట్‌కి ఇంట్లోనే విండ్‌షీల్డ్: చేసుకోవచ్చు, కానీ పొట్టిగా

మీరు అడిగింది ఇది: నాన్నగారి పాత బుల్లెట్ మీద అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి డ్యూటీకి తిరుగుతున్నారు, గాలికీ పురుగులకీ అడ్డంగా విండ్‌షీల్డ్ సొంతంగా చేసుకోవాలనుకుంటున్నారు, నేమ్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరికే అక్రిలిక్ ముక్క సరిపోతుందా అని. చేసుకోవచ్చండీ. నా బుల్లెట్‌కి ఉన్నది నేను చేసుకున్నదే. అక్రిలిక్ మాత్రం వద్దు.

అక్రిలిక్ చూడ్డానికి బాగుంటుంది, గీతలు కూడా తక్కువ పడతాయి. కానీ పెళుసు. బుల్లెట్ వైబ్రేషన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. బోల్టు కన్నం దగ్గర సన్నటి బీట మొదలై, ఇసుక లారీ వెనక ఓ గులకరాయి ఎగిరొచ్చిన రోజున ముక్కలైపోతుంది. ఆ ముక్కలు పదునుగా ఉంటాయి, వచ్చేది మన గుండె మీదకే. అందుకని పాలికార్బనేట్ తీసుకోండి, 3 మి.మీ. మందం. పోర్టికోల మీద, షెడ్ల మీద వేస్తారు చూడండి, ఆ షీటే. అందులో లోపల గుల్లగా గదులు గదులుగా ఉండే రకం కాకుండా సాలిడ్ షీట్ అని గట్టిగా అడగాలి. షెడ్లు వేసేవాళ్ల దగ్గర కోతలో మిగిలిన ముక్కలు ఉంటాయి, మనకి అవి చాలు. కొన్ని షీట్లకి ఎండ తట్టుకునే పూత ఒక వైపే ఉంటుంది, ఏ వైపో పైనున్న ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. ఆ వైపు బయటకి రావాలి. ఫిల్మ్ పీకేశాక రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ముందే మార్కర్‌తో ఓ మూల గుర్తు పెట్టుకోండి.

ఇక అసలు విషయం ఎత్తు. చాలామంది తలదాకా పెట్టేసుకుంటారు, అదే ఇబ్బంది. మీరు మామూలుగా కూర్చునేటట్టే బండి మీద కూర్చోండి, నడుం నిటారుగా పెట్టి పోజు ఇవ్వకుండా. ఎదురుగా అట్టముక్క నిలబెట్టి, ఇంకొకరి చేత మీ ముక్కు కింద వరసకి గీత గీయించండి. షీల్డ్ పై అంచు అక్కడితో ఆగాలి. మన చూపు షీల్డ్ మీదుగా రోడ్డు మీదకి పోవాలి, షీల్డ్‌లోంచి కాదు. కారు అద్దంలా దీనికి వైపర్ లేదు కదా. జూలై వానలో చినుకులు, డిసెంబరు తెల్లవారుజామున మంచు బిందువులు, రాత్రిపూట ఎదురొచ్చే రొయ్యల లారీ లైట్లు ప్రతి చిన్న గీత మీదా పగిలి పరుచుకోవడం: వీటిలో ఏ ఒక్కటి చాలు, ముందు గుంట ఉందో మనిషి ఉన్నాడో తెలియకపోవడానికి. అంచు తగిలిన గాలి ఇంకా పైకి లేస్తుంది కాబట్టి ముక్కు వరసలో ఉన్నా ముఖానికి గాలి బాగా తగ్గుతుంది. హెల్మెట్ వైజర్ ఎలాగూ ఉండాలి. హెల్మెట్ దగ్గర దడదడ శబ్దం వస్తే పై అంచు కొద్దికొద్దిగా కోసి చూడండి, ఒక్కసారి సెంటీమీటరుకు మించొద్దు. కోసింది మళ్లీ అతకదు.

పొట్టిగా ఉంచమనడానికి ఇంకో కారణం మన వంతెనలు. మాది రాజోలు వైపు, పాలకొల్లు వెళ్లాలంటే చించినాడ వంతెన ఎక్కాలి. మీకు జొన్నాడ దగ్గర గౌతమి గోదావరి వంతెన ఉంది. వాన ముందు ఈదురుగాలి పక్కనుంచి కొడితే హ్యాండిల్‌కి బిగించిన పెద్ద షీల్డ్ తెరచాప అయిపోయి హ్యాండిల్‌నే తిప్పేస్తుంది. 45 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు దాటకండి. ఆ సైజుకి షీట్ బరువు ముప్పావు కిలో లోపే. అడుగున హెడ్‌లైట్ దగ్గర కాస్త సందు వదలండి. పూర్తిగా మూసేస్తే వెనకవైపు గాలి సుడి తిరిగి వీపు నుంచి ముందుకి తోస్తున్నట్టుంటుంది.

వంపు కోసం హీట్ గన్ జోలికి వెళ్లకండి. పాలికార్బనేట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, కోనసీమ గాలి గురించి చెప్పేదేముంది. ఓవెన్‌లో గంటలకొద్దీ ఆరబెట్టకుండా వేడి చేస్తే షీట్ లోపల బుడగలు లేస్తాయి. చల్లగానే వంచి క్లాంపులతో పట్టి ఉంచండి, 3 మి.మీ. షీట్ అలా వంగుతుంది. వంపు వ్యాసార్థం 30 సెం.మీ.కి తగ్గనివ్వకండి.

కన్నాలు వేసేటప్పుడు కింద చెక్క పెట్టి, డ్రిల్ నెమ్మదిగా తిప్పాలి. 6 మి.మీ. బోల్టుకి 8 మి.మీ. కన్నం. మే నెల ఎండలో షీట్ ఇనుము కంటే చాలా ఎక్కువ సాగుతుంది, ఆ చోటు లేకపోతే కన్నం దగ్గరే బీట. రెండు వైపులా రబ్బరు వాషర్లు, వెనక నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వని నట్టు), వాషర్ కొద్దిగా నొక్కుకునేంత బిగింపు చాలు. నట్టు వదలకుండా రాసే గమ్ము తగిలితే పాలికార్బనేట్ పగుళ్లిస్తుంది, వాడొద్దు. మనకి ఉప్పుగాలి కాబట్టి బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. హ్యాండిల్ రాడ్ 22 మి.మీ. అయితే ఆ సైజు క్లాంపులు దొరుకుతాయి, పట్టీలు ఏ వెల్డింగ్ షాపులోనైనా వంచి ఇస్తారు. అంచులు ఎమరీ పేపర్‌తో గుండ్రంగా రుద్ది, కారు డోరుకి వేసే బీడింగ్ ఎక్కించండి.

షీట్ కోసే ముందు అట్టతో చేసిన నమూనా బిగించి హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. క్లచ్, బ్రేకు వైర్లు లాగకూడదు, టాంకుకి తగలకూడదు, ముందు నంబరు ప్లేటు కనిపించాలి.

శుభ్రం చేయడం దగ్గరే ఎక్కువ షీల్డులు పాడవుతాయి. సార్వా (వానాకాలపు) వరి పైరు ఈనే రోజుల్లో సాయంత్రం లైటు వేశామంటే పైరుకి పట్టే సుడిదోమ మొత్తం షీల్డ్ మీదే ఉంటుంది. ఎండిపోయిన దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలే. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేసి, సబ్బునీళ్లతో మెత్తటి బనీను గుడ్డ పెట్టి తుడవండి. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ ఏదీ తగలకూడదు, షీట్ తెల్లబారి బీటలు వారుతుంది. బంకులో కుర్రాడు ఆప్యాయంగా తన గుడ్డతో తుడవబోయినా వద్దనండి, ఆ గుడ్డ నిండా పెట్రోలే.

మీది స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు హెడ్‌లైట్ డోమ్ మీదే ఉండే పాత మోడలేనా? ముందు నుంచి తీసిన ఫోటో ఒకటి పెట్టండి, క్లాంపులు ఎక్కడ పట్టించాలో గీసి చూపిస్తాను.