బ్రిక్ గేమ్ స్క్రీన్‌లో కొన్ని వరుసలు కనబడట్లేదు: సమాధానం

మీ బ్రిక్ గేమ్‌లో (చేత్తో పట్టుకుని ఇటుకలు పేర్చే ఆట ఆడే చిన్న మెషీన్) సౌండ్ వస్తోంది, బటన్లు పనిచేస్తున్నాయి, స్క్రీన్ మీద రెండు మూడు వరుసలు మాత్రం కనబడట్లేదు అన్నారు కదా, అంటే డిస్‌ప్లే పోయుండదండి, స్క్రీన్ గ్లాస్‌కీ లోపలి సర్క్యూట్ బోర్డుకీ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీ కాంటాక్ట్ వదిలేసుంటుంది. పారేయకండి, ఆ గళ్ళ స్క్రీన్ మీద ఆడే ఆనందం ఫోన్‌లో రాదు.

1. బ్యాటరీలు తీసి స్క్రూలు విప్పండి.
2. పట్టీని మెల్లగా తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, గ్లాస్ అంచు, బోర్డు మీద కాంటాక్టులు కూడా తుడవాలి, మురికి అక్కడ కూడా పేరుకుంటుంది, తుడిచాక వేలు తగలనివ్వకండి.
3. బాగా ఆరాక పట్టీ పెట్టి స్క్రూలన్నీ కొంచెం కొంచెంగా బిగించండి, ఒకవైపే ముందు బిగిస్తే ఒత్తిడి సమంగా పడక వరుసలు మళ్ళీ పోతాయి.

పట్టీ బదులు అతికించిన పల్చటి రిబ్బన్ ఉంటే మాత్రం లాగొద్దు.