బ్యాట్‌మ్యాన్ విలన్ Ra’s al Ghul పేరులో మొదటి మాటని ‘రాజ్’ అనాలా, ‘రేష్’ అనాలా?

అమలాపురం కుర్రాళ్ల మధ్య వచ్చిన ఈ వాదనలో రెండూ చెల్లుతాయి, కానీ నా ఓటు ‘రేష్ అల్ గూల్’కే. 1971లో కామిక్స్‌లోకి వచ్చిన ఈ పాత్రని సృష్టించినవాళ్లలో ఒకరైన డెన్నీ ఓనీల్ ‘రేష్’ అనే పలికేవారు. 1990ల యానిమేషన్ సీరియల్‌లోనూ అదే వినిపిస్తుంది. ‘రాజ్’ అన్నది 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ సినిమాలో. సినిమాతో పరిచయమైనవాళ్లకి అదే నోటికి అలవాటైపోయింది, తప్పు పట్టక్కర్లేదు.

పేరు మాత్రం అరబిక్‌ది. అరబ్బులు ‘ర’ దగ్గర గొంతు ఒక్క క్షణం ఆపి ‘స్’ అంటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు కోనసీమలో ఎంతమంది లేరు! ఒకరిని అడిగి వినండి, చాలా బాగుంటుంది.

అసలు టెన్షన్ పెట్టేది సూపర్‌మ్యాన్‌ని ఏడిపించే ‘మిక్స్‌యెజ్‌పిట్‌లిక్’. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎ, ఇ, ఐ, ఓ, యూ ఒక్కటీ ఉండదు. అతని చేత ఆ పేరుని తిరగేసి పలికిస్తేనే తన లోకానికి తిరిగి వెళ్తాడు, కాబట్టి అక్కడ ఉచ్చారణే కథ.