కేసు గెలుస్తామని మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు

ప్రశ్న: రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీలో తొమ్మిదేళ్లుగా డ్రైవర్‌ని. బ్రేకు పడక మిక్సర్ లారీ ముందున్న ఆటోను గుద్దింది. ఇద్దరికి గాయాలయ్యాయి, పోలీసు కేసు అయింది. ఎంక్వైరీ పెట్టి గత నెల డిస్మిస్ చేశారు. బ్రేకుల సంగతి అంతకు ముందే లాగ్‌బుక్‌లో రాశాను. బేసిక్, డీఏ కలిపి రూ.18,000. ఇంటి ఖర్చు రూ.19,000. బ్యాంకులో రూ.22,000 ఉన్నాయి. కేసు తేలేదాకా గడవడానికి నూటికి మూడు చొప్పున రూ.2 లక్షలు తేవచ్చా? గెలిస్తే పాత జీతమంతా వస్తుంది కదా?

జవాబు: తేవద్దు. నెలకు రూ.6,000 వడ్డీ. కేసు మూడేళ్లు నడిస్తే వడ్డీకే రూ.2,16,000 పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. ఉద్యోగం పోయిన చాలామంది చేసే తప్పు ఇదే: రావాల్సిన డబ్బును వచ్చినట్టే లెక్కేసుకుంటారు. శిక్ష తప్పుకు మించి ఉందనిపిస్తే పారిశ్రామిక ట్రిబ్యునల్ ఉద్యోగం తిరిగి ఇప్పించవచ్చు, కానీ పాత జీతం మొత్తం కాకుండా కొంతే ఇప్పించడం, అసలే ఇవ్వకపోవడం మామూలే. ఈలోగా వేరే బండి తోలితే ఆ సంపాదనా లెక్కలోకి వస్తుంది. అయినా తోలండి, ఇల్లు గడవాలి.

లాయరు ఫీజుకూ అప్పు అక్కర్లేదు. పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఈ నెలలోనే ఇవ్వండి. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్ల గడువుంది కదా అని ఆగితే సాక్ష్యాలు మాయమవుతాయి. లాగ్‌బుక్‌లో మీరు రాసిన పేజీ, డ్యూటీ చార్టు, ఎంక్వైరీ కాగితాల నకళ్లు రాతపూర్వకంగా అడగండి. పోలీసు కేసులో ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు తప్పకుండా తీసుకోండి. ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని అందులో ఒక లైను ఉంటుంది. మీ కేసు చాలావరకు ఆ లైను మీదే నిలుస్తుంది. అది మీకు వ్యతిరేకంగా ఉంటే లాయరుకు మొదటి రోజే చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం: ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, అంటే రూ.1,14,000. మీ గ్రాట్యుటీ అంటే ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. 18,000ను నెలలోని 26 పనిరోజులతో భాగించి, 15తో, తొమ్మిదేళ్లకు 9తో హెచ్చిస్తే సుమారు రూ.93,461. బ్యాంకులో ఉన్నదానితో కలిపితే ఆ నిధి తయారవుతుంది. బండికి నష్టం జరిగిందని కంపెనీ గ్రాట్యుటీ ఆపబోవచ్చు. నిర్లక్ష్యం కారణంగా తీసేసినా, జరిగిన నష్టం మేరకే కోయాలి, అదీ మీ వాదన విన్నాకే. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో గ్రాట్యుటీ అధికారికి దరఖాస్తు చేయండి. వచ్చిన డబ్బు నేరుగా సేవింగ్స్‌లోకి పోవాలి. చీటీలోకి కాదు, బావమరిది వ్యాపారంలోకి కాదు.

పీఎఫ్ ఆఖరికి ముట్టుకోండి. ఈఎస్ఐ నిరుద్యోగ భృతి, దుష్ప్రవర్తన కింద తీసేసినవారికి వర్తించదు. బంగారం మీద బ్యాంకు అప్పు తప్పనిసరైతే, చిన్న మొత్తం. లోన్ యాప్‌ల జోలికి అసలు పోవద్దు. కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా ఉండి ఉంటే అది ఉద్యోగంతోనే పోయింది. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు మొదట అడగాల్సింది బీమా గురించే.

ఇంకొకటి. "రాజీనామా రాసివ్వు, సెటిల్‌మెంటు వెంటనే ఇస్తాం" అంటే సంతకం పెట్టకండి. రాజీనామా కాగితం వాళ్ల చేతికి పోతే, డిస్మిస్ చేశారని వాదించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. జీతం బకాయి తీసుకునేటప్పుడు కూడా రసీదు మీద "అభ్యంతరంతో తీసుకున్నాను" అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి.