బ్రిటన్‌లో ఇల్లు చూసేటప్పుడు వెచ్చదనం ఖర్చు కూడా లెక్క వేసుకోండి

కొత్తగా వచ్చిన మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు బడి, స్టేషన్ ఎంత దూరమని తప్పక అడుగుతారు గాని, చలికాలంలో ఆ ఇంటిని వెచ్చగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందని చాలామంది అడగరు. గాలి ధారాళంగా ఆడే ఇల్లే మంచి ఇల్లని భావించే ప్రాంతం నుంచి వచ్చాం కాబట్టి ఆ ప్రశ్న తట్టకపోవడం సహజమే. కానీ ఇక్కడ ఒకే రకంగా కనిపించే రెండు ఇళ్ల గ్యాస్ బిల్లుల మధ్య చాలా తేడా ఉండవచ్చు.

అమ్మకానికో అద్దెకో పెట్టిన దాదాపు ప్రతి ఇంటికీ ఇల్లు శక్తిని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఈపీసీ అనే ధ్రువపత్రం ఉండాలి. అది పదేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ ఇస్తే ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ‘ఏ’ (A, అన్నిటికన్నా మేలు) నుంచి ‘జీ’ (G) వరకు ఉన్న శ్రేణి అక్షరాన్ని మాత్రమే చూసి ఊరుకోకుండా, గోడలు, పైకప్పు గురించి విడివిడిగా రాసిన వరుసలను చదవండి. వాటి పక్కన ‘అజ్యూమ్డ్’ అని ఉంటే, పరిశీలకుడు చూసి నిర్ధారించుకోకుండా ఇంటి వయసును బట్టి ఊహించాడని అర్థం. ఇంగ్లండ్, వేల్స్‌లలో మినహాయింపు నమోదు చేయించుకుంటే తప్ప, ‘ఈ’ (E) కంటే తక్కువ శ్రేణి ఇంటిని అద్దెకు ఇవ్వకూడదనే నియమం 2020 ఏప్రిల్ నుంచి పాత అద్దె ఒప్పందాలకూ వర్తిస్తోంది. కాబట్టి అద్దెకుండేవారు సైతం ఇంటి శ్రేణి ఏమిటని ల్యాండ్‌లార్డ్‌ను నిస్సంకోచంగా అడగవచ్చు.

సొంత ఇల్లు కొన్నవారు మొదటి డబ్బు అటక మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా పరిచే దూది లాంటి పొర, లేని ఇంట్లో దాదాపు పావు వంతు వేడి పైకప్పు గుండానే పోతుంది. ఇప్పుడు సిఫారసు చేసే మందం 270 మిల్లీమీటర్లు కాగా, పాత ఇళ్లలో చాలాచోట్ల 100 మిల్లీమీటర్లు కూడా కనిపించదు. మందం పెంచడానికి అయ్యే ఖర్చు సాధారణంగా వందల పౌండ్లలోనే ఉంటుంది. అయితే చూరు దగ్గర గాలి మార్గాలు మూయకూడదు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులను ఆ దూది మీద పేర్చకూడదు. అది అణిగిపోతే పనిచేయదు. ఇంటికి వచ్చి అటకకు స్ప్రే ఫోమ్ (చల్లాక గట్టిపడే నురుగు) కొట్టిస్తామనే వారిని మాత్రం దయచేసి ఒప్పుకోకండి, ఎందుకంటే అటువంటి ఇళ్లకు మార్ట్‌గేజ్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడుతున్నాయి.

పైసా ఖర్చు లేని పని మరొకటి ఉంది. కండెన్సింగ్ బాయిలర్ (పొగతో బయటికి పోయే వేడిని కూడా వాడుకునే రకం) రేడియేటర్లకు పంపే నీటి వేడి తరచూ 75 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆ బాయిలర్ పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. విడిగా ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు వేడినీళ్లు ఇచ్చే కాంబి బాయిలర్ అయితే రేడియేటర్ల అమరికను 60కి తగ్గించి చూడండి. వేడినీళ్ల ట్యాంకు ఉన్నవారు మాత్రం బ్యాక్టీరియా పెరగకుండా ఆ ట్యాంకు నీటిని 60 డిగ్రీల వద్దే ఉంచాలి.

బయటి గాలి వంటి వాటి నుంచి వేడిని లాగి, కరెంటుతో ఇంటిని వెచ్చబరిచే హీట్ పంప్ గురించి చాలామంది అడుగుతున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల సాయం ఉంది. ఇన్‌స్టాలరే దరఖాస్తు చేసి బిల్లులో తగ్గిస్తాడు. గ్రేట్ బ్రిటన్‌లో ఇన్సులేషన్, హీట్ పంప్ వంటి వాటికి 2027 మార్చి 31 వరకు వ్యాట్ కూడా లేదు. కానీ కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కు దాదాపు నాలుగు రెట్లు ఉండగా, హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అందువల్ల గ్యాస్ బాయిలర్ తీసేసిన వెంటనే బిల్లు తగ్గుతుందని ఆశించవద్దు. వేడి నిలవని ఇంట్లో అది మరింత భారమవుతుంది.

చలిగాలి చొరబడే కిటికీ, తలుపుల సందులు మూసిన ఇంట్లో తేమ బయటికి పోయే దారి తప్పనిసరి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు వంటింటి ఫ్యాన్ వేయండి; బట్టలు గదిలో ఆరేస్తే కిటికీ కొంచెం తెరవండి, లేకపోతే గోడలకు బూజు పడుతుంది. రెండు మూడేళ్లలో ఊరు మారే అవకాశం ఉన్నవారు అటక, సందులు, బాయిలర్ అమరికతో ఆగడం మంచిది. గోడలకు ఇన్సులేషన్ వేయించడం, హీట్ పంప్ ఆ ఇంట్లోనే పిల్లలను పెంచాలనుకునేవారికి తగినవి.